పరుగులో పొదుపు: ఉక్కుమనిషి పందెపు కథ

దూరప్రయాణమునకు బయలుదేరిన బండివాడు మొదటి మైలులోనే ఎడ్లను అదిలించి పరుగెత్తించడు. ఎంత దూరము పోవలెనో, ఎక్కడ మెరక ఎక్కవలెనో, ఎక్కడ నీరు దొరకునో అతనికి తెలియును. అందుకు తగినట్లు ఎడ్ల బలమును దారిపొడవునా పంచుకొనును. కాని మనిషి తన శరీరమునే బండిగా చేసికొని పందెమునకు దిగినపుడు ఈపాటి తెలివి కూడ తరచు మరచిపోవుచుండును. పాఠశాల క్రీడోత్సవములలో పదిహేనువందల మీటర్ల పందెము చూచిన ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఈల ఊదగానే అందరికంటె ముందు దూసుకొనిపోయిన కుర్రవాడు రెండవ చుట్టు ముగియునప్పటికే రొప్పుచుండును. మూడవ చుట్టులో వెనుకనున్నవారు ఒక్కరొక్కరే అతనిని దాటిపోవుదురు. "వానికి పట్టుదల చాలలేదు" అని చూచువారు అందురు. లోపము నిజముగా పట్టుదలలో ఉన్నదా, లేక లెక్కలో ఉన్నదా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఐదారు నిమిషములలో ముగియు పందెముకంటె, ఎనిమిది తొమ్మిది గంటలు సాగు పందెము ఎక్కువ అనుకూలము. చిన్న తప్పులు అక్కడ పెద్దవై కనిపించును. అట్టి పందెమొకటి గత అర్ధశతాబ్దములో పుట్టి పెరిగినది. దాని చరిత్రను, దానికి వెనుకనున్న శరీరశాస్త్ర చరిత్రను కలిపి చూచినచో మన ప్రశ్నకు చాలవరకు జవాబు దొరకును.

మూడు పందెముల కలయిక

ఈత, సైకిలు, పరుగు ఈ మూడును వరుసగా ఒకే పందెముగా నడుపు ఆటకు ట్రయథ్లాన్ అని పేరు. నేటి రూపములో ఇది 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియేగో నగరమందు మిషన్ బే వద్ద మొదలైనది. ఆనాడు పోటీచేసినవారు 46 మంది. వారిలో అమెరికా నౌకాదళపు అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ కూడ ఉన్నారు. కొంతకాలమునకు ఆ దంపతులు హవాయి దీవులకు చేరినారు. అక్కడ 1977లో ఒక పరుగు పందెపు బహుమతుల సభలో వాదము పుట్టినది: ఈతగాడు గొప్పవాడా, సైకిలు తొక్కువాడు గొప్పవాడా, పరుగెత్తువాడు గొప్పవాడా? ఓహూ దీవిలో అప్పటికే జరుగుచున్న మూడు పెద్ద పందెములను కలిపి ఒకే దినమున నడిపినచో వాదము తీరునని కాలిన్స్ సూచించినారు. సముద్రములో 3.86 కిలోమీటర్ల ఈత, పిమ్మట 180 కిలోమీటర్ల సైకిలు, ఆ పైన 42.195 కిలోమీటర్ల మారథాన్ పరుగు. గెలిచినవానిని 'ఐరన్‌మాన్', అనగా ఉక్కుమనిషి, అని పిలువవలెనని నిర్ణయించినారు.

1978 ఫిబ్రవరి 18న పదునైదుగురు బయలుదేరినారు, పన్నెండుగురు ముగించినారు. మొదటి పందెమే మనకు మొదటి పాఠము. జాన్ డన్‌బార్ అను యువకుడు ఈతలో సుమారు ఇరువది నిమిషములు ముందంజ వేసి, సైకిలు దిగునప్పటికి కూడ ముందే ఉన్నాడు. కాని మారథాన్‌లో అతని వేగము క్రమముగా తగ్గినది. అతని సహాయకుల వద్ద నీరు అయిపోవగా బీరు ఇచ్చినారని ఆ పందెమును గురించి చెప్పుకొందురు. వెనుకనుండి నిలుకడగా వచ్చిన గోర్డన్ హాలర్ అతనిని దాటి 11 గంటల 46 నిమిషముల 58 సెకండ్లలో ముగించి, తొలి ఉక్కుమనిషి అయినాడు. డన్‌బార్ ముప్పదిమూడు నిమిషముల తరువాత వచ్చినాడు. ముందు పోయినవాడు వెనుకబడుట, నిలుకడగా వచ్చినవాడు గెలుచుట ఆనాడే మొదలైనది.

శరీరపు కొట్టులో సరకెంత?

డన్‌బార్ కాళ్ళలో ఏమి తరిగిపోయినది? దీనిని చెప్పగల విజ్ఞానము అప్పటికే చాలవరకు సిద్ధముగా ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దము చివర ఫ్రాన్సులో లవోయిజర్, మనిషి శ్రమించునపుడు ఎక్కువ ఆమ్లజని పీల్చునని కొలిచి చూపి, ప్రాణుల శ్వాసక్రియ ఒక విధమైన దహనమేనని స్పష్టము చేసినారు. ఆ దహనమునకు ఇంధనమేది అన్న ప్రశ్నను 1920లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు క్రోగ్, లిండ్‌హార్డ్ చక్కగా పరిశీలించినారు. విడిచిన బొగ్గుపులుసు వాయువును పీల్చిన ఆమ్లజనితో భాగించినచో వచ్చు సంఖ్య, పిండిపదార్థము మండునపుడు 1.0, క్రొవ్వు మండునపుడు సుమారు 0.7 ఉండును. కనుక మనిషి ఊపిరిని కొలిచి, అతని కండరములలో ఏ ఇంధనము ఎంత మండుచున్నదో చెప్పవచ్చును. శ్రమ తీవ్రత పెరిగినకొలది క్రొవ్వు వాటా తగ్గి, పిండిపదార్థపు వాటా పెరుగును. ఒక లీటరు ఆమ్లజనితో పిండిపదార్థమును మండించిన సుమారు 5.0 కిలోకెలోరీలు, క్రొవ్వును మండించిన సుమారు 4.7 కిలోకెలోరీలు లభించును. పైగా పిండిపదార్థము త్వరగా మండును. తొందరపడు శరీరము దానినే కోరుట అందువలననే.

1924లో బోస్టన్ మారథాన్ ముగించినవారి రక్తమును అక్కడి వైద్యులు పరీక్షించినారు. మిక్కిలి సొమ్మసిల్లిన వారిలో రక్తమందలి చక్కెర చాల తగ్గిపోయి ఉన్నది. మరుసటి ఏడు పందెమునకు ముందు పిండిపదార్థములు ఎక్కువగా తినిపించి, దారిలో మిఠాయి బిళ్ళలు ఇచ్చిచూడగా ఆ లక్షణములు కనిపించలేదు. 1966లో స్వీడనుకు చెందిన బెర్గ్‌స్ట్రోమ్, హుల్ట్‌మన్ అను వైద్యులు ఇంకను లోతుకు పోయినారు. వారు తమ శరీరములనే ప్రయోగశాలలుగా చేసికొని, ఒకే సైకిలుకు చెరియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్క కాలితో మాత్రమే అలసిపోవువరకు తొక్కినారు. పిమ్మట సూదితో తొడకండరమును కొంచెము తీసి పరీక్షించినారు. శ్రమించిన కాలిలో గ్లైకోజన్ దాదాపు శూన్యము. విశ్రాంతిగా ఉన్న కాలిలో ఏ మార్పు లేదు. మూడుదినములు పిండిపదార్థములు తిన్న పిమ్మట శ్రమించిన కాలిలో గ్లైకోజన్ రెండవ కాలికంటె రెండింతలు చేరినది. ఏ కండరము సరకు ఆ కండరములోనే నిలువ ఉండునని దీనివలన తేలినది.

ఆదాయ వ్యయముల పట్టిక

ఇప్పుడు మనము ఒక గృహస్థు వలె లెక్క వేసి చూతము. శిక్షణ పొందిన పురుషుని కండరములలో సుమారు 400 గ్రాములు, కాలేయములో సుమారు 100 గ్రాములు గ్లైకోజన్ నిలువ ఉండును. గ్రామునకు 4 కిలోకెలోరీల చొప్పున మొత్తము 2,000. క్రొవ్వు నిలువ దీనికి ఎన్నో రెట్లు. పది కిలోల క్రొవ్వులోనే తొంబదివేల కిలోకెలోరీలు ఉన్నవి. ఉక్కుమనిషి పందెమునకు గంటకు సుమారు వేయి కిలోకెలోరీలు వ్యయమగునని అనుకొందము. అనగా క్రొవ్వుకు కొరత లేదు, కొరత గ్లైకోజనుకే.

ఒకడు వేగముగా పోయి, తన వ్యయములో నూటికి 70 వంతులు పిండిపదార్థము నుండి తీసినాడనుకొనుడు. గంటకు వ్యయము 700. త్రోవలో గంటకు 60 గ్రాముల చక్కెర త్రాగినచో ఆదాయము 240. లోటు 460. రెండువేల నిలువ నాలుగు గంటల ఇరువది నిమిషములలో హరించిపోవును; అప్పటికి అతడు ఇంకను సైకిలు మీదనే ఉండును! మరియొకడు కొంచెము నిదానించి 45 వంతులు మాత్రమే పిండిపదార్థము నుండి తీసినచో గంటకు వ్యయము 450, లోటు 210. అదే నిలువ తొమ్మిదిన్నర గంటలు వచ్చును. స్థూలమైన లెక్కయే అయినను, ఇందులో పందెపు రహస్యమంతయు ఉన్నది. వేగము కొద్దిగా పెరిగినను ఇంధనపు లోటు రెండింతలు కాగలదు. పందెగాండ్రు 'గోడకు గుద్దుకొనుట' అను స్థితి ఈ కొట్టు ఖాళీ అయినప్పటి స్థితియే.

1982: ప్రపంచము చూచిన పతనము

పందెము 1981లో హవాయి పెద్దదీవిలోని కోనా ప్రాంతమునకు మారినది. నల్లని లావా బీళ్ళ మధ్య రహదారి, నెత్తిన ఎండ, అడ్డముగా వీచు గాలి. 1982 ఫిబ్రవరి పందెములో జూలీ మాస్ అను ఇరువదిమూడేండ్ల విద్యార్థిని స్త్రీలలో మొదటిస్థానములో పరుగెత్తుచు ముగింపు సమీపించినది. ఆమె చదువుచున్నది వ్యాయామ శరీరశాస్త్రము. ఈ పందెమునకు వచ్చుట కూడ తన పట్టపు వ్యాసము కొరకే. ముగింపుకు కొన్ని వందల గజముల దూరములో ఆమె కాళ్ళు తేలిపోయినవి. పడినది, లేచినది, మరల పడినది. గీత కొద్ది గజములలో ఉండగా కాథలీన్ మకార్ట్నీ ఆమెను దాటిపోయినది. మాస్ చేతులతో ప్రాకుచు వెళ్ళి గీతను తాకినది. ఇద్దరికిని తేడా 29 సెకండ్లు.

టెలివిజనులో ఆ దృశ్యమును చూచిన లక్షలమంది ఆమె పట్టుదలకు కన్నీరు పెట్టినారు. ఉక్కుమనిషి పందెమునకు లోకప్రసిద్ధి వచ్చినది ఆనాటినుండియే. మన ప్రశ్నకు ఇదియే గట్టి నిదర్శనము. ప్రాకియైనను ముగించిన మనిషికి పట్టుదల లేదని ఎవరు అనగలరు? ఆమెకు లేనిది ఇంధనము. సంకల్పము ఎంతటిదైనను ఖాళీ కండరమునకు గ్లైకోజనును సృష్టించి ఇవ్వలేదు. క్రీడాస్థలములో కూలిన పిల్లవానిని పిరికివాడని నిందించు పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

1989: ప్రక్కప్రక్కన ఎనిమిది గంటలు

ఆ దృశ్యమును టెలివిజనులో చూచి పందెమునకు ఆకర్షితుడైన వారిలో మార్క్ అలెన్ ఒకడు. ఆనాటి మేటి వీరుడు డేవ్ స్కాట్. 1980 మొదలు 1987 వరకు ఆరుసార్లు గెలిచినవాడు. అలెన్ 1984లో సైకిలు దిగునప్పటికి పెద్ద ఆధిక్యము సంపాదించియు పరుగులో నీరసించి ఐదవవాడైనాడు. 1987లోను పరుగులో ముందుండి, చివరకు ఓడినాడు. ఆరు ప్రయత్నములు విఫలమైనవి.

అతడు శిక్షణలో ఒక వింత నియమము పాటించినాడు. ఛాతీకి కట్టు పరికరముతో గుండె కొట్టుకొను వేగమును గమనించుచు, దీర్ఘమైన సాధనలలో అది నిమిషమునకు 155 దాటకుండ చూచుకొనెడివాడు. మొదట ఈ నియమము వలన అతడు చాల నెమ్మదిగా పరుగెత్తవలసివచ్చినది. కాని నెలలు గడచినకొలది అదే గుండెవేగముతో ఎక్కువ వేగముగా పోగలిగినాడు. అనగా అతని కండరములు క్రొవ్వును మండించుటలో ఆరితేరి, గ్లైకోజనును పొదుపు చేయ నేర్చినవి.

1989 అక్టోబరులో అలెన్ తన పద్ధతి మార్చినాడు. ముందుకు దూకలేదు. ఈతలో, సైకిలులో, పరుగులో స్కాట్ ప్రక్కనే ఉన్నాడు. ఎనిమిది గంటలు ఇద్దరును ఇంచుమించు భుజము భుజము రాచుకొనుచు సాగినారు. ముగింపుకు రెండు మైళ్ళ దూరములో ఒక మెరకమీద అలెన్ విడివడి ముందుకు పోయినాడు. అతని కాలము 8 గంటల 9 నిమిషముల 15 సెకండ్లు. స్కాట్‌ది 8 గంటల 10 నిమిషముల 13 సెకండ్లు. మూడవవాడు ఇరువది నిమిషములకు పైగా వెనుక. ఆనాడు అలెన్ మారథాన్ పరుగెత్తిన 2 గంటల 40 నిమిషముల 4 సెకండ్ల కాలమును కోనాలో 2016 వరకు ఎవరును మించలేకపోయినారు. తరువాత అతడును ఆరుసార్లు విజేత అయినాడు.

గాలి, వేడి

నిదానము ఎందుకు లాభకరమో భౌతికశాస్త్రము కూడ చెప్పును. సమతలముపై సైకిలు తొక్కువానికి ముఖ్యశత్రువు గాలి. గాలి నిరోధము వేగపు వర్గమును బట్టి, దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగపు ఘనమును బట్టి పెరుగును. గంటకు 36 కిలోమీటర్లకు బదులు 40 పోవలెనన్న, వేగము నూటికి 11 వంతులే పెరిగినను గాలికొరకు సామర్థ్యము 37 వంతులు పెరుగవలెను.

విద్యార్థులు ఇంకొక లెక్క చేసి చూడవచ్చును. ఒకడు మొదటి 90 కిలోమీటర్లు గంటకు 40 చొప్పున, తరువాతి 90 గంటకు 32 చొప్పున పోయినాడు. మరొకడు అంతే కాలములో మొదటినుండి చివరివరకు ఒకే వేగముతో, అనగా సుమారు 35.6 చొప్పున, పోయినాడు. గాలిని చీల్చుటకు మొదటివాడు చేసిన పని రెండవవానికంటె నూటికి దాదాపు 4 వంతులు ఎక్కువ. కాలము ఒక్కటే, ఖర్చు ఎక్కువ! కండరమునకు కలుగు నష్టము ఇంతకంటె పెద్దది; ఏలనన తీవ్రత పెరిగినపుడు ఖర్చగునది విలువైన గ్లైకోజన్. ఇతరుల వెనుక నీడన దాగి గాలి తప్పించుకొనుటను ఈ పందెములో నిషేధించినది కూడ ఇందుకే. అయితే సమముగా ఉండవలసినది శ్రమయే గాని వేగము కాదు. మెరకలోను, ఎదురుగాలిలోను వేగము తగ్గుట, పల్లములో పెరుగుట సహజము.

వేడి మరియొక పరిమితి. కండరము ఖర్చుచేయు శక్తిలో నాలుగింట ఒకవంతు కూడ పనిగా మారదు, తక్కినదంతయు వేడియే. గంటకు 800 కిలోకెలోరీలు ఖర్చు చేసినచో 600 కు పైగా వేడిగా బయటికి పోవలెను. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకెలోరీలు తొలగును. అనగా గంటకు లీటరుకు తక్కువగాని చెమట ఆవిరి కావలెను. కోనా వంటి తేమగల తీరములో చెమట ఆవిరికాక కారిపోవును. కారిన చెమట చల్లబరుపదు. వేడి చేరినపుడు శరీరము రక్తమును చర్మమునకు మళ్ళించును. కండరములకు వాటా తగ్గును. గుండె వేగము పెరుగును. చల్లని ఊరిలో చెల్లిన వేగము అక్కడ చెల్లదు.

కొలత సాధనములు, మెదడు

1980లలో రెండు సాధనములు ప్రవేశించినవి. ఫిన్లాండులో తయారైన తీగలేని గుండెవేగ కొలమానము మొదటిది. 1986లో జర్మనీ ఇంజనీరు ఉల్రిచ్ షోబెరర్ రూపొందించిన, సైకిలు తొక్కువాని సామర్థ్యమును వాట్లలో చూపు పరికరము రెండవది. ఆపై ఆహారశాస్త్రము ఆదాయపు పద్దును పెంచినది. ప్రేగుగోడలో గ్లూకోజుకు ఒక ద్వారము, ఫ్రక్టోజుకు వేరొక ద్వారము ఉన్నవి. రెండు చక్కెరలను కలిపి త్రాగినచో గంటకు 60 గ్రాములకు బదులు 90 గ్రాముల వరకు వినియోగమగునని 2000 తరువాతి ప్రయోగములు చూపినవి. మన పట్టికలో ఆదాయము 360 అగును. అప్పుడు నూటికి 60 వంతులు పిండిపదార్థముతో పోయినను లోటు 240 మాత్రమే, నిలువ ఎనిమిది గంటలు వచ్చును. కాలములు తగ్గుటకు ఇదియొక కారణము. కోనాలో ఎనిమిది గంటల హద్దును తొలిసారి 2018లో పాట్రిక్ లాంగె దాటినాడు.

ఇన్ని కొలతలున్నను తుదినిర్ణయము మెదడుదే. అలసట కండరములోనే గాక నాడీమండలములోను ఉన్నదని 1891లోనే ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆంజెలో మోసో తన గ్రంథములో వాదించినారు. పందెము మిగిలిన దూరమును ముందే ఊహించి మెదడు శ్రమను నియమించునని 1996లో జర్మనీకి చెందిన ఉల్మర్ ప్రతిపాదించినారు. దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ ఈ భావమును విస్తరించి, మెదడు ఒక అధికారివలె శరీరమును అపాయమునుండి కాపాడుచున్నదని చెప్పినారు. దీనిని అంగీకరింపని శాస్త్రజ్ఞులును కలరు; వాదము ఇంకను ముగియలేదు. దూరము ముందుగా తెలియుట, పూర్వానుభవము ఉండుట వేగనిర్ణయమునకు ముఖ్యమని మాత్రము ఉభయులును ఒప్పుకొందురు. క్రొత్తవాడు మొదటి చుట్టులోనే దూకుటకు ఒక కారణము అతని మెదడులో ఆ దూరపు పటము ఇంకను లేకపోవుటయే.

సాహసమునకు తావు లేదా?

నిదానమే ప్రధానమన్నచో సాహసమునకు తావు లేదా అని పాఠకులు అడుగవచ్చును. ఫ్రాన్సు యువకుడు సామ్ లైడ్‌లోను చూడుడు. 2022లో కోనాలో అతడు సైకిలును 4 గంటల 4 నిమిషముల 36 సెకండ్లలో ముగించి, ఆ మార్గమున అప్పటివరకు ఎవరును పోనంత వేగముగా పోయినాడు. నార్వేకు చెందిన గుస్తావ్ ఈడెన్ అతనిని పరుగులో చివరి మైళ్ళలో పట్టుకొని గెలిచినాడు. అయినను లైడ్‌లో రెండవస్థానపు కాలము కూడ పాత రికార్డుకంటె తక్కువ. 2023లో ఫ్రాన్సులోని నీస్ నగరములో అదే ధోరణితో అతడు ప్రపంచ విజేత అయినాడు. 2024లో మరల కోనాలో సైకిలును 4 గంటల లోపుననే ముగించి ముందుపోయినాడు. కాని పరుగులో పూర్తిగా నీరసించి పదునెనిమిదవవాడైనాడు. ఆనాడు వెనుకనుండి నిలుకడగా వచ్చిన లాంగె 7 గంటల 35 నిమిషముల 53 సెకండ్లతో క్రొత్త రికార్డు స్థాపించినాడు. ఒకే మనిషి, ఒకే పద్ధతి, మూడు ఫలితములు. దిట్టతనమునకు విలువ ఉన్నది. అది అప్పు వంటిది. తీర్చగలిగిన దినమున లాభము, తీర్చలేని దినమున దివాలా.

2025 అక్టోబరులో కోనాలో జరిగిన స్త్రీల పందెములో బ్రిటన్‌కు చెందిన లూసీ చార్లెస్-బార్క్‌లే, అమెరికాకు చెందిన టేలర్ నిబ్ ముందుండి పోరాడినారు. ఆ వేడిలో మొదటి ఆమె పరుగు మధ్యలో విరమించినది. రెండవ ఆమె కొద్ది మైళ్ళలో ముగింపు ఉండగా రోడ్డుప్రక్కన కూర్చుండిపోయినది. వెనుకనుండి వచ్చిన నార్వే వనిత సోల్వైగ్ లోవ్‌సెత్ గెలిచినది. గుండెవేగము, వాట్లు, గ్రాములు అన్నియు కొలువగల ఈ కాలములోను జూలీ మాస్ కథ మరల జరిగినది. కొలమానము సలహా ఇయ్యగలదు. ఎండలో, ప్రక్కన ప్రత్యర్థి ఉండగా, ఆ సలహా వినవలసినది మనిషియే.

పాఠశాలలో చేయదగిన పరిశీలన

ఉపాధ్యాయులు దీనిని ఆటస్థలములోనే ప్రయోగముగా చేయించవచ్చును. ఒక విద్యార్థి నాలుగు చుట్లు పరుగెత్తుచుండగా మరియొకడు గడియారముతో ఒక్కొక్క చుట్టునకు పట్టిన కాలమును వ్రాయవలెను. ముగించిన వెంటనే పదునైదు సెకండ్లపాటు నాడి లెక్కించి నాలుగుతో గుణించవలెను. మొదటిదినము విద్యార్థిని తన ఇష్టమువచ్చినట్లు పరుగెత్తనిండు. పూర్తిగా విశ్రాంతి తీసికొన్న పిమ్మట, వేరొక దినమున, మొదటి చుట్టును నాలుగైదు సెకండ్లు నెమ్మదిగా పోవలెనని చెప్పుడు. రెండు దినముల కాలములను గ్రాఫు కాగితముపై గీయించుడు. మొదటి గీత మొదటి చుట్టునుండి ఎట్లు ఎగబ్రాకునో, రెండవది ఎంత సమముగా సాగునో, మొత్తము కాలము ఎందులో తగ్గునో పిల్లలు తామే చూచుకొందురు. ఎండ తగ్గిన వేళ, నీరు అందుబాటులో ఉంచుకొని, ఆరోగ్యముగా ఉన్న విద్యార్థులతో మాత్రమే ఇది చేయించవలెను.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పినారు. ఉక్కుమనుషులు ఆ సామెతను కొంచెము మార్చినారు: లెక్క తెలిసి పరుగెత్తువాడు, పరుగెత్తుచునే చక్కెరనీళ్ళు త్రాగుచు గమ్యము చేరవచ్చును. మొదటి చుట్టులో ముందుండి మూడవ చుట్టులో కూలబడిన కుర్రవానికి కావలసినది మందలింపు కాదు. ఒక గడియారము, ఒక గ్రాఫు కాగితము, ప్రక్కన కూర్చుండి లెక్క చూపు ఉపాధ్యాయుడు.